ఎగ్జిమాకు మార్కులు వేసేదెలా?

ఇరవై ఎనిమిదేళ్ళుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొదట కుప్పం వైపు ఒక పల్లెలో, తరువాత పుంగనూరులో, ఇప్పుడు మదనపల్లెలో. ఇన్నేళ్ళలో ఎన్ని పేపర్లు దిద్దానో, ఎన్ని మార్కులు వేశానో నాకే తెలియదు. వాటిలో ఒక అమ్మాయికి వేసిన మార్కు పూర్తిగా తప్పని మూడేళ్ళ కిందట తెలిసింది. అది కాగితం మీద వేసిన మార్కు కాదు, మనసులో వేసుకున్నది.

ఎనిమిదో తరగతి అమ్మాయి. ఏప్రిల్ ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న స్వెట్టర్ వేసుకొని వచ్చేది. మొదటి పీరియడులోనే తూగేది. బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చెయ్యమంటే తల వంచుకొని కూర్చునేది. బద్ధకం అనుకున్నాను. వాళ్ళ అమ్మ స్కూలుకు వచ్చిన రోజు ఆ మాటే కొంచెం మెత్తగా చెప్పాను. "రాత్రిళ్ళు టీవీ ఎక్కువ చూస్తున్నట్టుంది, కాస్త గమనించుకోండమ్మా" అన్నాను. ఆ తల్లి జవాబు చెప్పకుండా కూతురి స్వెట్టర్ చెయ్యి పైకి తోసింది. మోచేతి మడతలో చర్మం నల్లబడి, దళసరిగా గీతలు తేలి ఉంది. గీరిన చోట రక్తం ఎండి ఉంది. "టీవీ కాదు సార్. రాత్రంతా గీరుకుంటానే ఉంటాది. దాన్తో పాటు నాకూ నిద్ర లేదు" అంది.

ఆ తరువాత వాళ్ళు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. కొంత తప్పు చేసిన భావంతో, కొంత ఆ తల్లి రమ్మని అడిగినందుకు. ఆ రోజు అమ్మాయి చర్మం ఎందుకో కాస్త నెమ్మదిగా ఉంది. డాక్టరమ్మ చేతులు, మెడ, మోకాళ్ళ వెనుక చూసి, "పోయిన ఏడు రోజుల్లో దురద వల్ల ఎన్ని రాత్రులు నిద్ర చెడింది?" అని అడిగారు. "ఎప్పుడూ అంతే మేడం" అంది తల్లి. "ఎప్పుడూ అంటే? ఏడుకు ఏడా? మూడా?" తల్లి నా వైపు చూసింది. నాకేం తెలుసు? అప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చి, బయట కూర్చొని నింపుకొని రమ్మన్నారు. ఈ వ్యాసం ఆ కాగితం గురించీ, అలాంటి మరికొన్ని కాగితాల గురించీ.

ముందు పేరు దగ్గర ఉన్న గందరగోళం తేల్చుకోవాలి. మన వైపు ఒంటి మీద దురద పెట్టేదాన్నంతా తామర అనో గజ్జి అనో అంటాం. ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవాళ్ళం ఖుజ్లీ అనేస్తాం. డాక్టర్లకు ఇవి మూడు వేరు వేరు జబ్బులు. గుండ్రంగా అంచు కట్టి, అంచు దగ్గర ఎర్రగా, మధ్యలో మానినట్టు ఉండేది ఎక్కువగా ఫంగస్ వల్ల వచ్చే తామర. వేళ్ళ సందుల్లో, నడుము దగ్గర చిన్న పొక్కులతో మొదలై, రాత్రిపూట ఇంట్లో అందరూ గోకుకునేది గజ్జి. అది కంటికి కనిపించని పురుగు వల్ల వచ్చేది, ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. ఎగ్జిమా అంటదు. పిల్లల్లో వచ్చే అటోపిక్ ఎగ్జిమాలో చర్మం పుట్టుకతోనే తడిని సరిగా పట్టి ఉంచుకోలేదు. చాలామందిలో దీని వెనుక ఫిలగ్రిన్ అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యులోపం ఉందని 2006లో స్కాట్లాండు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మోచేతుల లోపలి మడతల్లో, మోకాళ్ళ వెనుక, మెడ మీద, పసిపిల్లలకైతే బుగ్గల మీద వస్తుంది. ఇంట్లో ఎవరికో ఉబ్బసమో, పొద్దున లేస్తే వరస తుమ్ములో ఉండడం మామూలు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఏ జబ్బో తేలకుండా కొలత మొదలుపెడితే కొలతకు అర్థం లేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. ఫంగస్ తామర మీద అది పూస్తే వారం పాటు చల్లబడి, తరువాత ఒళ్ళంతా పాకుతుంది. ఈ బెడద దేశమంతటా పెరిగినందువల్లే 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదనే జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపులు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ అమ్మాయి కూడా మా దగ్గరికి వచ్చే నాటికి రెండేళ్ళుగా అలాంటి ట్యూబులు మార్చి మార్చి పూసుకుంటోంది.

ఇక కాగితం సంగతి. దాని పేరు పోయం. పద్యానికీ దానికీ సంబంధం లేదు, ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే అలా వచ్చింది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో డాక్టర్లు తయారుచేసి 2004లో ప్రకటించారు. ఏ అంశాలు పెట్టాలో ఎగ్జిమా రోగులనే, ఆ పిల్లల తల్లిదండ్రులనే అడిగి తేల్చుకున్నారు. ఏడు ప్రశ్నలు. అన్నీ గడిచిన ఏడు రోజుల గురించే. దురద ఎన్ని రోజులు పెట్టింది, నిద్ర ఎన్ని రాత్రులు చెడింది, చర్మం నుంచి రక్తం ఎన్ని రోజులు వచ్చింది, నీరు ఎన్ని రోజులు కారింది, ఎన్ని రోజులు పగిలింది, ఎన్ని రోజులు పొట్టు రాలింది, ఎన్ని రోజులు ఎండినట్టు గరుకుగా ఉంది. ఒక్క రోజు కూడా లేకపోతే 0. ఒకటి రెండు రోజులైతే 1, మూడు నాలుగైతే 2, ఐదారైతే 3, రోజూ ఉంటే 4. మొత్తం 28 మార్కులు. మన పరీక్షకు ఇది తిరకాసు, మార్కులు పెరిగేకొద్దీ జబ్బు ఎక్కువన్నమాట. 2 వరకు దాదాపు లేనట్టే. 3 నుంచి 7 స్వల్పం, 8 నుంచి 16 మధ్యస్థం, 17 నుంచి 24 తీవ్రం, ఆపైన అతి తీవ్రం.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చొని నేను చదువుతూ వచ్చాను, తల్లీకూతుళ్ళు లెక్కపెట్టారు. సోమవారం నుంచి ఒక్కో రోజూ గుర్తు చేసుకోవడం అంత తేలిక కాలేదు. "శుక్రవారం వాళ్ళ దాదీ దగ్గర పండుకునింది, ఆ పొద్దు గీరలేదంట" అని తల్లి, "గీరినాను, దాదీ నిద్రపోయింది" అని అమ్మాయి. చివరికి దురద రోజూ, 4. నిద్ర ఐదు రాత్రులు, 3. రక్తం మూడు రోజులు, 2. నీరు ఒక్క రోజు, 1. పగుళ్ళు నాలుగు రోజులు, 2. పొట్టు రోజూ, గరుకు రోజూ, నాలుగు నాలుగు ఎనిమిది. కూడితే 20. తీవ్రం.

చర్మం కాస్త నెమ్మదిగా ఉన్న రోజున వచ్చిన అమ్మాయి అది. కళ్ళతో చూసి అంచనా వేస్తే మధ్యస్థం అని రాసి పంపించి ఉండవచ్చు. "ఎప్పుడూ అంతే" అన్న తల్లి మాటలో నిజం ఉంది కానీ, ఆ మాటతో డాక్టర్ మందు మోతాదు తేల్చుకోలేరు. 20 అనేదానితో తేల్చుకోగలరు. ఆరు వారాల తరువాత మళ్ళీ రాస్తే దురద 2, నిద్ర 1, పగుళ్ళు 1, పొట్టు 2, గరుకు 3, మిగతా రెండూ 0. మొత్తం 9. ఈ కొలతలో మూడు నాలుగు మార్కులు తగ్గితేనే రోగికి తేడా తెలుస్తుందని పరిశోధకులు చెబుతారు. పదకొండు తగ్గింది. తగ్గిందని తల్లికి నమ్మకం కుదరలేదు, ఎందుకంటే దురద పూర్తిగా పోలేదు కదా. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే అప్పుడు నమ్మింది, మందు మానలేదు. నా దృష్టిలో ఆ కాగితం చేసిన అసలు మేలు అదే.

ఇలా జబ్బును లెక్కకట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు. స్వాతంత్య్రం వచ్చిన కొత్తల్లో ఆరోగ్యవరం శానిటోరియం డాక్టర్లు మదనపల్లె చుట్టుపక్కల పల్లెలు తిరిగి, ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎందరికి ఉందో రాసుకున్నారు. బీసీజీ టీకా మీద వాళ్ళు ఇక్కడ చేసిన పరిశీలన ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 1964లో అచ్చయింది. అయితే క్షయకు ఎక్స్‌రే ఉంది, కళ్ళెలో క్రిమి ఉంది. షుగరుకు రక్తపరీక్ష ఉంది. ఎగ్జిమా ఎంత తీవ్రంగా ఉందో చెప్పేందుకు రోజువారీ వాడుకలో అలాంటి రక్తపరీక్ష లేదు. ఉన్నవి రెండే, చూసేవాళ్ళ కన్ను, అనుభవించేవాళ్ళ మాట.

కన్ను చూసేదాన్ని కొలవడానికి డాక్టర్ల దగ్గర మంచి లెక్కలే ఉన్నాయి. 1993లో యూరప్ చర్మవైద్యుల బృందం స్కోరాడ్ అనే కొలత తయారుచేసింది. అందులో మూడు ముక్కలు. ఒంటి మీద ఎంత మేర పాకింది అనేదానికి 20 వరకు. ఎరుపు, వాపు, నీరు కారడం, గీరిన గుర్తులు, చర్మం దళసరెక్కడం, ఎండిపోవడం, ఈ ఆరింటికీ కలిపి 63 వరకు. దురద, నిద్రలేమి రెండింటికీ పదేసి చొప్పున 20. మొత్తం 103. ఎందుకు 103, నూరు అయితే బాగుండేది కదా అని నాకు మొదట్లో చిరాకు వేసింది. 25 లోపు స్వల్పం, 50 దాటితే తీవ్రం.

2001లో అమెరికాలో ఈజీ అనే మరో కొలత వచ్చింది, పూర్తి మార్కులు 72. ఒంటిని తల-మెడ, చేతులు, మొండెం, కాళ్ళు అని నాలుగు భాగాలు చేస్తారు. ఒక్కో భాగంలో ఎరుపు, మందం, గీరిన గుర్తులు, దళసరి గీతలు, ఒక్కోదానికి 0 నుంచి 3. ఆ భాగంలో ఎంత మేర పాకిందో దానికి 0 నుంచి 6. రెండూ గుణించి, ఆ భాగం ఒంట్లో ఎంత వంతో దానితో మళ్ళీ గుణిస్తారు. పెద్దవాళ్ళకు తల 0.1, చేతులు 0.2, మొండెం 0.3, కాళ్ళు 0.4. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు తల పెద్దది కాబట్టి దానికి 0.2 ఇచ్చి కాళ్ళకు 0.3 చేస్తారు. పాకిన మేర కొలవడానికి స్కేలు అక్కర్లేదు. ఎవరి అరచెయ్యి, వేళ్ళతో కలిపి, వాళ్ళ ఒంట్లో దాదాపు నూటికి ఒక వంతు. బిడ్డకు బిడ్డ అరచెయ్యే కొలత, తల్లిది కాదు. మా పదో తరగతి పిల్లలకు శాతాలు చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ ఉదాహరణే వాడుతున్నాను.

ఈ కొలతల్లో మనలాంటివాళ్ళు తెలుసుకోవలసిన లోపం ఒకటుంది. ఎరుపు. తెల్లతోలు మీద ఎరుపు ఎర్రగానే కనిపిస్తుంది. చామనఛాయ మీద, నలుపు మీద అది ఊదారంగులోనో, బూడిద రంగులోనో, ఇంకా నల్లగానో కనిపిస్తుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. దాంతో మార్కు తక్కువ పడుతుంది. లండన్ బడి పిల్లలను పరిశీలించి 2002లో ప్రకటించిన ఒక అధ్యయనం, ఎరుపును లెక్కలోకి తీసుకునే తీరు వల్ల నల్లజాతి పిల్లల్లో తీవ్రమైన ఎగ్జిమా మరుగున పడుతోందని చూపింది. మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి డాక్టర్ దగ్గర "ఎర్రగా లేదులే" అన్న మాట వినిపిస్తే, తాకి చూడమని అడగడంలో తప్పు లేదు. వెచ్చదనం, గట్టిదనం వేలికి తెలుస్తాయి.

ఇంతకంటే పెద్ద లోపం నాకు పుంగనూరులో అర్థమైంది. మా చిన్నమ్మ కొడుకు అక్కడ మేస్త్రీ. సిమెంటు పని. పదేళ్ళుగా కుడి చేతి వేళ్ళు, అరచేతిలో సగం పగిలిపోయి ఉంటాయి. సిమెంటులో ఉండే క్రోమియం కొందరి చర్మానికి పడదు. అది పూర్తిగా వేరే రకం ఎగ్జిమా, తగలడం వల్ల వచ్చేది. ఈజీ కొలత అటోపిక్ ఎగ్జిమా కోసం చేసినది కాబట్టి అతనికి వేయకూడదు. అయినా లెక్కల టీచరు బుద్ధి కదా, కుతూహలం కొద్దీ వేసి చూశాను. పాకిన మేర రెండు చేతుల్లో పదో వంతు కూడా లేదు కాబట్టి 1. నాలుగు లక్షణాలకూ పూర్తి మార్కులు ఇచ్చినా 12. చేతుల వంతు 0.2. మూడూ గుణిస్తే 2.4. డెబ్బై రెండుకు రెండున్నర కూడా లేదు! ఆ పట్టికలో 7 వరకు స్వల్పం. తాపీ పట్టుకోలేక వారానికి రెండు మూడు రోజులు కూలి పోగొట్టుకునే మనిషి, అన్నం కలుపుకుంటే కారం పగుళ్ళలోకి దిగి చెంచాతో తినే మనిషి, లెక్క ప్రకారం స్వల్ప రోగి. చేతి ఎగ్జిమాకు విడిగా 360 మార్కుల కొలత ఒకటి 2005లో వచ్చింది, దానిలో వేళ్ళ కొసలు, అరచేతులు, మణికట్లు విడివిడిగా లెక్కిస్తారు. అది కొంత నయం. కానీ అదీ చర్మాన్నే చూస్తుంది. కూలిని చూడదు.

కూలిని, మనసును, సంసారాన్ని చూసే కొలత 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో పుట్టింది. ఆండ్రూ ఫిన్లే, గుల్ కరీం ఖాన్ అనే ఇద్దరు చర్మవైద్యులు తయారుచేశారు. పొట్టిగా డీఎల్‌క్యూఐ అంటారు, అంటే చర్మవ్యాధి వల్ల జీవన నాణ్యత ఎంత దెబ్బతింది అనే సూచిక. ఇప్పటికి అది వందకు పైగా భాషల్లోకి వెళ్ళింది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. దురద, నొప్పి ఎంత, నలుగురిలో సిగ్గుపడ్డారా, బజారుకు వెళ్ళడం, ఇంటిపని దెబ్బతిన్నాయా, వేసుకునే బట్టలు మార్చుకోవలసి వచ్చిందా, బంధుమిత్రుల దగ్గరికి వెళ్ళడం మానుకున్నారా, ఆటలు, పని లేదా చదువు, దగ్గరివాళ్ళతో ఇబ్బందులు, దాంపత్యం, చివరగా వైద్యమే ఒక తలనొప్పి అయిందా. 10 దాటితే జీవితం మీద చాలా ప్రభావం, 20 దాటితే విపరీతమైన ప్రభావం. మా తమ్ముడికి కూర్చోబెట్టి వేస్తే 16 వచ్చింది. చర్మం లెక్కలో స్వల్పం, జీవితం లెక్కలో చాలా ఎక్కువ. ఒకే మనిషి, ఒకే రోజు.

రెండిట్లో ఏది నిజమని అడిగితే రెండూ నిజమే అంటాను, కానీ రెండో దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. ఎగ్జిమా మీద పనిచేసే డాక్టర్లు, రోగులు దేశదేశాల నుంచి కలిసి హోమ్ అనే బృందంగా ఏర్పడి, కొత్త మందులను పరీక్షించేటప్పుడు నాలుగు సంగతులు తప్పకుండా కొలవాలని తీర్మానించారు. చర్మం మీద కనిపించేది, రోగికి అనిపించేది, జీవితం మీద ప్రభావం, చాలాకాలం పాటు అదుపులో ఉందా లేదా అనేది. అంటే నాలుగింట మూడు రోగి నోటి నుంచే రావాలి.

పిల్లలకు, నాలుగు నుంచి పదహారేళ్ళ వాళ్ళకు, ఇదే కొలత వేరే ప్రశ్నలతో 1995లో వచ్చింది. స్నేహితులతో ఎలా ఉంది, బట్టలు, చెప్పులు మార్చుకున్నావా, ఈతకు, ఆటలకు వెళ్ళగలిగావా, బడిలో చదువు సాగిందా, ఎవరైనా పేర్లు పెట్టి ఏడిపించారా, దూరం జరిగారా అని అడుగుతుంది. మా అమ్మాయి ఈ కాగితం నింపేటప్పుడు తల్లిని కాస్త అవతల కూర్చోమన్నారు డాక్టరమ్మ. వచ్చిన మార్కు 19. ఏడిపించడం గురించిన ప్రశ్నకు 3 వేసింది. తన పక్కన కూర్చోవడానికి ఇద్దరు పిల్లలు ఒప్పుకోలేదని, అంటుకుంటుందని వాళ్ళ ఇళ్ళలో చెప్పారని, అందుకే స్వెట్టర్ అని అప్పుడు తెలిసింది. అది నా క్లాసులోనే జరిగింది. మర్నాడు క్లాసులో, ఆమె పేరు ఎత్తకుండా, అంటే జబ్బులు ఏవి, అంటనివి ఏవి అని ఒక పీరియడంతా చెప్పాను. లెక్కల పీరియడే. సిలబస్ ఒక రోజు వెనకబడింది.

ఈ జీవన నాణ్యత కొలతలకూ లోపాలున్నాయి. పెద్దవాళ్ళ కాగితంలో కొన్ని ప్రశ్నలకు 'నాకు వర్తించదు' అనే జవాబు ఉంటుంది, దానికి సున్నా మార్కులు. ఆటలు ఆడని ఆడవాళ్ళకు ఒక సున్నా. భర్త పోయిన పెద్దామెకు దాంపత్యం ప్రశ్న దగ్గర ఇంకో సున్నా. దాంతో ముసలివాళ్ళ బాధ, ఆడవాళ్ళ బాధ మగవాళ్ళ కంటే తక్కువని లెక్క తేలుతుంది. పరీక్షలో సిలబస్‌లో లేని ప్రశ్న ఇస్తే ఆ మార్కులు తీసేసి మిగతావాటికి నూటికి కడతాం కదా. సరిగ్గా అలాంటి సవరణే పరిశోధకులు 2018లో ప్రతిపాదించారు. ఆస్పత్రుల్లో ఎక్కువగా నడిచేది మాత్రం ఇప్పటికీ పాత లెక్కే.

పెళ్ళి గురించి ఆ పది ప్రశ్నల్లో ఒక్కటీ లేదు. ఇక్కడ మన ఇళ్ళలో ఆడపిల్లకు మెడ మీద మచ్చ ఉంటే సంబంధం చూసుకొని వచ్చినవాళ్ళు మళ్ళీ కబురు చెయ్యరు. చేతులు బాగాలేవని రొట్టెలు చెయ్యనివ్వని అత్తగారిళ్ళు ఉన్నాయి. కుప్పం వైపు పనిచేసినప్పుడు పట్టు రీలింగ్ చేసే ఒక తల్లి ఉండేది. రోజంతా మరిగే నీళ్ళలోంచి గూళ్ళ పోగు తీస్తూ వేళ్ళు పుండ్లయ్యేవి. మాస్టర్ల మీటింగుకు రమ్మంటే చేతులు కొంగులో చుట్టుకొని వచ్చేది, సంతకం పెట్టమంటే వేలిముద్ర వేస్తాననేది. ఆమెకు సంతకం వచ్చు. పెన్ను పట్టుకుంటే చెయ్యి కనిపిస్తుందని అలా చేసేది. ఏ కాగితంలో వేస్తాం ఆ మార్కు? 'సిగ్గుపడ్డారా' అనే ప్రశ్నలో 3. అంతే.

వుజూ సంగతి కూడా కాగితంలో ఉండదు. రోజుకు ఐదుసార్లు నీళ్ళు తగిలితే పగుళ్ళు మండుతాయని మా అమ్మాయి దాదీతో చెప్పి తిట్లు తిన్నది. డాక్టరమ్మ చెప్పింది తేలికైనదే. నీళ్ళు గోరువెచ్చగా, సబ్బు లేకుండా, తుడుచుకునేటప్పుడు రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ పూయాలి. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. నీరు నిజంగా హాని చేసే పరిస్థితి ఉంటే తయమ్ముం వెసులుబాటు ఉన్నదే, అది ఎప్పుడు వర్తిస్తుందో ఇమాం సాబ్‌నే అడగాలి. చేతులు మండుతున్నాయని పిల్ల నమాజుకు వెనకాడితే అది విశ్వాసం లోపం కాదని మాత్రం పెద్దవాళ్ళకు చెప్పాలి.

స్టెరాయిడ్ పూతమందు ఎంత పూయాలనే దానికీ కొలత ఉంది. ట్యూబు నుంచి చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఈ లెక్క 1991లో చెప్పినవాళ్ళలో కూడా ఆ ఫిన్లేనే ఉన్నారు. భయపడి చుక్క పూసేవాళ్ళకూ, సగం ట్యూబు పట్టించేవాళ్ళకూ పనికొచ్చేది. ఎన్నాళ్ళు, ఎక్కడ అనేది మాత్రం డాక్టరే చెప్పాలి. ముఖానికి ఒక రకం, అరచేతికి ఇంకో రకం.

వారం వారం మార్కు రాసుకుంటే కారణం కూడా దొరుకుతుంది. మా తమ్ముడు ఆదివారం ఆదివారం క్యాలెండరు మీద అంకె వేస్తూ పోయాడు. రంజాన్ చివరి పది రోజులు, పండుగ తరువాత వారం పనికి పోలేదు. అంకె సగానికి పడింది. మళ్ళీ పనికి ఎక్కిన వారం పెరిగింది. అప్పటిదాకా వంకాయ మీద, చేపల మీద నేరం మోపి కడుపు మాడ్చుకున్నాడు. పొలాల్లో పనిచేసేవాళ్ళకు వయ్యారిభామ మొక్కతో ఇలాగే జరుగుతుంది. అది విదేశాల నుంచి వచ్చి, 1950లలో పుణె దగ్గర మొదట కనిపించి దేశమంతా పాకిన కలుపు. మన గట్ల మీద, ఖాళీ స్థలాల్లో ఎక్కడ చూసినా అదే. పడనివాళ్ళకు ముఖం, కనురెప్పలు, మెడ, చేతులు, బట్ట కప్పని చోటంతా ఎగ్జిమా వస్తుంది. మొక్క పచ్చగా పెరిగే నెలల్లో అంకె పెరుగుతుంది. పెళ్ళిళ్ళలో, ఈద్ ముందు రాత్రి పెట్టుకునే నల్ల మెహందీ ఇంకో కారణం. అసలు గోరింటాకు ఎర్రగా పండుతుంది. గంటలో నల్లగా పండేదానిలో తలకు వేసే రంగులో ఉండే రసాయనం కలుపుతారు, దానికి బొబ్బలెక్కిన చేతులు నేను చూశాను. ఏ వారం అంకె ఎగిరిందో, ఆ వారం ఏం తగిలిందో పక్కన రాసుకుంటే డాక్టర్ దగ్గర ప్యాచ్ పరీక్ష చేయించుకునేటప్పుడు ఎంతో ఉపయోగం. చర్మవ్యాధుల విభాగం కోసం అందరూ వేలూరు దాకా పోనక్కర్లేదు. కుప్పంలోనే పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, తిరుపతిలో రుయా ఉంది.

తల్లుల కోసం కూడా ఒక కాగితం ఉంది. పిల్లవాడి ఎగ్జిమా ఇంటిని ఎంత కుదిపింది అని 1998లో కార్డిఫ్ వాళ్ళే చేసిన పది ప్రశ్నలు. ఇంటిపని, వంట, మిగతావాళ్ళ నిద్ర, ఖర్చు, అలసట, భార్యాభర్తల మధ్య మాటలు. మా అమ్మాయి తల్లికి దాన్ని ఎవరూ ఇవ్వలేదు. నేనే ఆ సంగతి చదివి తెలుసుకొని, ఒకరోజు ప్రశ్నలు అడిగాను. ఖర్చు దగ్గర ఆగి, "మందుల ఖర్చా, మస్తాన్ల దగ్గర పెట్టిందా సార్?" అంది. రెండూ అన్నాను. చాలాసేపు వేళ్ళు మడిచి, "అదొద్దులే సార్, ఇంకోటి అడగండి" అంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంట్లో లెక్కల నోటు చివరి పేజీల్లో గళ్ళు గీసుకొని, ప్రతి ఆదివారం మగ్రిబ్ తరువాత ఏడు ప్రశ్నలకూ మార్కులు వేసుకుంటుంది. పోయిన నెల చూపించింది, ఒక వారం 5 అని రాసి ఉంది. పక్కనే తల్లి వేరే రంగు పెన్నుతో 7 అని రాసింది. ఎందుకు తేడా అని అడిగితే, "అది నిద్రలో గీరింది దానికి తెలీదు సార్, నాకు తెలుసు" అంది తల్లి. డాక్టరమ్మ రెండు అంకెలూ రిజిస్టరులో ఎక్కించుకున్నారు.